కాపలాయే కొంప ముంచిన 27 నిమిషాలు

2019 జులై 2, మంగళవారం. లండన్‌లో మధ్యాహ్నం 2 గంటల 42 నిమిషాలు. క్లౌడ్‌ఫ్లేర్ ఆఫీసులోని పెద్ద హాల్లో ఇంజినీర్లు తమవాళ్లే ఇస్తున్న ఒక సాంకేతిక ప్రసంగం వింటున్నారు. మన దగ్గర అప్పుడు రాత్రి 7 గంటల 12 నిమిషాలు. బర్మింగ్‌హామ్‌లో ప్రపంచకప్ మ్యాచ్. భారత్ 314 పరుగులు చేసేసింది, బంగ్లాదేశ్ ఛేదనకు దిగే వేళ.

సరిగ్గా ఆ నిమిషంలో క్లౌడ్‌ఫ్లేర్ ఫైర్‌వాల్ జట్టులోని ఇంజినీరు ఒకరు ఒక చిన్న మార్పు విడుదల చేశారు. రోజూ చేసే పనే. అంతకు ముందు 60 రోజుల్లో ఆ జట్టు ఇలాంటి మార్పులు 476 చేసింది. అంటే సగటున మూడు గంటలకొకటి. అనుమతి కాగితం ఉంది, పరీక్షలన్నీ పాసయ్యాయి. మార్పు బయల్దేరింది.

మూడు నిమిషాలు గడిచాయి. మొదటి అలర్ట్ మోగింది.

క్లౌడ్‌ఫ్లేర్ చేసే పనేమిటో తెలిస్తేగాని ఆ అలర్ట్ బరువు అర్థం కాదు. మీరు ఫోన్లో ఏదో వెబ్‌సైటు తెరుస్తారు. మీకూ ఆ సైటు ఉన్న సర్వరుకూ మధ్యలో క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్లు నిలబడి ఉంటాయి. వచ్చిన ప్రతి అభ్యర్థననూ చూస్తాయి. మంచిదైతే లోపలికి పంపుతాయి, దొంగదైతే బయటే ఆపుతాయి. ఆ రోజుకి 180కి పైగా నగరాల్లో ఆ సర్వర్లు ఉన్నాయి, లక్షలాది వెబ్‌సైట్లు వాటి వెనకాల ఉన్నాయి. దొంగ అభ్యర్థనను పసిగట్టే పని వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్‌ది. దానికో రూల్స్ పుస్తకం ఉంటుంది. అభ్యర్థనలో ఫలానా రకం అక్షరాల వరుస కనిపిస్తే అనుమానించు, ఫలానా చోట జావాస్క్రిప్ట్ తునక ఉంటే ఆపు అని.

ఆ మధ్యాహ్నం చేర్చింది అలాంటి రూలే. వెబ్ పేజీలోకి దొంగ కోడ్‌ను చొప్పించే దాడులను మరింత బాగా పట్టుకోవడానికి రాసింది. దాన్ని నేరుగా పనిలోకి దించలేదు కూడా. ‘సిమ్యులేట్’ పద్ధతిలో పెట్టారు. అంటే రూల్ ఎవరినీ ఆపదు. పక్కన నిలబడి, తానైతే ఎవరిని ఆపేదో నమోదు చేస్తుంది. మంచివాళ్లను పొరపాటున ఆపకుండా ఉండటానికి తీసుకునే జాగ్రత్త అది. కానీ ఎవరినీ ఆపకపోయినా ప్రతి ఒక్కరినీ చూడాలి కదా! ఆ చూడటంలోనే ఉంది చిక్కంతా.

దాడి అనుకున్నారు

మొదటి అలర్ట్ ఫైర్‌వాల్ సరిగా పనిచేయడం లేదని చెప్పింది. దాని వెనకే మరొకటి, ఇంకొకటి. ఈ చివర నుంచి ఆ చివర దాకా చేసే పరీక్షలు తప్పుతున్నాయి. ప్రపంచమంతటా ట్రాఫిక్ పడిపోతోంది. ఏ ఖండంలో చూసినా సర్వర్ల సీపీయూలు నూటికి నూరు శాతానికి చేరుతున్నాయి. సైట్లు తెరవబోయిన వాళ్లకు తెల్లటి పేజీ మీద ‘502’ అన్న ఎర్రర్ అంకె కనిపిస్తోంది. చాటింగ్ యాప్ డిస్కార్డ్ ఆగిపోయింది. ఏ సైటు పనిచేస్తోందో, ఏది ఆగిపోయిందో జనం చూసుకునే డౌన్‌డిటెక్టర్ కూడా ఆగిపోయింది. ఇంటర్నెట్‌కి ఏమైందో అడగడానికి వెళ్లేచోటే మూతపడితే మామూలు మనిషి ఎవరిని అడగాలి?

జాన్ గ్రాహమ్-కమింగ్ అప్పుడు మీటింగులో ఉన్నారు. ఆయన అప్పట్లో సంస్థకు చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్‌కు బ్రిటిష్ ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని 2009లో సంతకాల ఉద్యమం నడిపి, ప్రధాని గోర్డన్ బ్రౌన్ చేత ఆ మాట చెప్పించిన మనిషి. చేతి గడియారం మీద అలర్టులు వరుసగా రావడంతో మీటింగులోంచి లేచి తన బల్ల వైపు నడిచారు. దారిలోనే కస్టమర్ల సాంకేతిక విభాగం పెద్ద ఒకరు ఎదురై, ట్రాఫిక్‌లో 80 శాతం పోయిందని చెప్పారు. ఇక బల్ల దగ్గరికి వెళ్లలేదు. సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఇంజినీర్ల దగ్గరికి పరుగెత్తారు.

హాల్లో ప్రసంగం మధ్యలో ఆగింది. అందరూ ఒక పెద్ద కాన్ఫరెన్స్ గదిలోకి వచ్చి చేరారు. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు ఫోన్లలో కలిశారు. సంస్థ లెక్కలో ఇంతకు మించిన అత్యవసరం లేదని చెప్పే ‘పీ జీరో’ స్థాయి అప్పటికే ప్రకటించేశారు.

అందరికీ మొదట వచ్చిన అనుమానం ఒక్కటే: ఎవరో దాడి చేస్తున్నారు. ఇంతవరకూ చూడని కొత్తరకం దాడి.

ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. దాడులను ఎదుర్కోవడమే వృత్తి అయినవాళ్లకు ఇల్లు కంపించగానే గుమ్మం వైపే చూపు పోతుంది. పైగా ఎనిమిది రోజుల ముందే, జూన్ 24న, వేరే సంస్థల నెట్‌వర్క్‌లలో జరిగిన పొరపాటు వల్ల ఇంటర్నెట్ దారులు తప్పి క్లౌడ్‌ఫ్లేర్ ట్రాఫిక్ కొంత పోయింది. టెలికాం సంస్థ వెరైజన్ జాగ్రత్తగా ఉండి ఉంటే ఆ నష్టం జరిగేది కాదని క్లౌడ్‌ఫ్లేర్ బహిరంగంగానే ఎత్తిచూపింది. ఆ వేడి ఇంకా తగ్గలేదు. ఈసారి కూడా ముప్పు బయటి నుంచే వచ్చి ఉంటుందనుకోవడం సహజం.

కానీ గదిలో ఉన్నవాళ్లు అనుమానం దగ్గరే ఆగిపోలేదు. నన్ను ఈ కథలో కట్టిపడేసింది అదే. మూడు చోట్ల నుంచి మూడు రకాల ఆధారాలు వచ్చాయి. పనితీరు చూసే జట్టు, నడుస్తున్న ఒక సర్వరు నుంచి సీపీయూ లెక్కలు నేరుగా తీసింది. సమయమంతా ఫైర్‌వాలే మింగేస్తోందని అందులో కనిపించింది. మరొకరు ‘స్ట్రేస్’ అనే పనిముట్టుతో, ఆ ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏమేం అడుగుతోందో చూసి అదే మాట ధ్రువీకరించారు. ఇంకో జట్టుకు ఎర్రర్ లాగుల్లో ఫైర్‌వాల్ ఇబ్బంది పడుతున్న గుర్తులు దొరికాయి. ఏ ఒక్క ఆధారాన్నో పట్టుకుని తీర్పు చెప్పలేదు. మూడూ ఒకే వైపు వేలు చూపించాక నమ్మారు. మూడు గంటలకల్లా తేలిపోయింది. బయట శత్రువు ఎవరూ లేడు. తమ ఫైర్‌వాలే సర్వర్లను తినేస్తోంది.

మీట ఉంది, తలుపు తెరుచుకోదు

మూడు గంటల రెండు నిమిషాలు. గదిలో ఒక ప్రతిపాదన వచ్చింది: ‘గ్లోబల్ కిల్’. ఏదైనా ఒక్క భాగాన్ని ప్రపంచమంతటా ఒకేసారి ఆపేసే ఏర్పాటు అది. అందరూ గ్రాహమ్-కమింగ్ వైపు చూశారు.

ఆ చూపుల అర్థం చిన్నది కాదు. ఫైర్‌వాల్‌ను ఆపేస్తే సైట్లు లేస్తాయి. కానీ దాన్ని నమ్ముకుని డబ్బు కట్టిన ప్రతి బ్యాంకూ, ప్రతి దుకాణమూ ఆ కాసేపు ఆ కాపలా లేకుండా ఉంటాయి. వాటి పాత సాఫ్ట్‌వేర్‌లో కన్నాలుంటే దొంగలకు తెరిచినట్టే. ఆపకపోతే సైట్లే లేవు. ఆపమనే నిర్ణయం జరిగింది.

నిర్ణయమైతే జరిగింది గానీ, మీట దగ్గరికి చేరడం కుదరలేదు.

క్లౌడ్‌ఫ్లేర్ తన సొంత ఉద్యోగుల పనిముట్లకు కూడా తన సేవలనే వాడుతుంది. మీట ఉన్న కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లాలంటే, ఉద్యోగి ఎవరో సరిచూసే క్లౌడ్‌ఫ్లేర్ సేవ దాటాలి. ఆ సేవ కూడా పడిపోయిన సర్వర్ల మీదే నడుస్తోంది. పనుల నమోదు చూసే జిరా తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసే వ్యవస్థ తెరుచుకోలేదు. చుట్టుదారి ఒకటుంది, ఇలాంటి రోజు కోసమే పెట్టింది. కానీ దాన్ని ఎవరూ తరచుగా వాడలేదు, కాబట్టి చేతికి అలవాటు లేదు. వీటన్నిటికీ తోడు, కంట్రోల్ ప్యానెల్‌ను కొంతకాలం వాడని ఉద్యోగుల ప్రవేశాన్ని తానే రద్దుచేసే భద్రతా ఏర్పాటు మరొకటి ఉంది. దాని వల్ల జట్టులో కొందరికి లోపలికి వెళ్లే హక్కే పోయిందని తర్వాత బయటపడింది.

కస్టమర్లదీ ఇదే అవస్థ. క్లౌడ్‌ఫ్లేర్‌ను పక్కనపెట్టి సైటును నేరుగా నడుపుకుందామని అనుకున్నవాళ్లు, ఆ మార్పు చేసే డ్యాష్‌బోర్డ్ తెరవబోతే అదీ తెరుచుకోలేదు. అది కూడా ఆ సర్వర్ల వెనకాలే ఉంది.

ఐదు నిమిషాలు పట్టింది. గడియారం చూసుకుంటూ ఆ గదిలో కూర్చున్నవాళ్లకు అవి ఎంత పొడవుగా అనిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు. చివరికి 3 గంటల 7 నిమిషాలకు జట్టులో ఒకరు చుట్టుదారిన లోపలికి వెళ్లి మీట నొక్కారు. 3 గంటల 9 నిమిషాలకల్లా ట్రాఫిక్, సీపీయూ రెండూ మామూలు స్థాయికి వచ్చాయి. మార్పు బయల్దేరినప్పటి నుంచి లెక్కేస్తే 27 నిమిషాలు. మరీ దిగజారినప్పుడు ట్రాఫిక్‌లో 82 శాతం పోయింది.

దాడి కాదని సంస్థ ఆ రోజే ప్రకటించింది. అసలేం జరిగిందో మాత్రం పది రోజుల తర్వాత, జులై 12న, గ్రాహమ్-కమింగ్ పూసగుచ్చినట్టు రాశారు. నిమిషాలతో సహా, రూల్ అక్షరాలతో సహా.

చుక్క, నక్షత్రం, మళ్లీ చుక్క, నక్షత్రం

ఫైర్‌వాల్ రూళ్లను ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అనే సంకేత భాషలో రాస్తారు. అక్షరాల వరుసలో ఏ నమూనా వెతకాలో అది చెబుతుంది. ఆ భాషలో చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. దాని పక్కన నక్షత్రం పెడితే, ఎన్నైనా సరే. ఆ రోజు చేర్చిన పొడవాటి రూల్లో ప్రాణం తీసిన ముక్క ఇంతే: .*.*=.*

మాటల్లో చెప్పాలంటే: ఏదైనా ఎంతైనా ఉండొచ్చు, ఆ తర్వాత మళ్లీ ఏదైనా ఎంతైనా ఉండొచ్చు, దాని వెంటనే సమానం గుర్తు ఉండాలి, ఆ తర్వాత ఏమున్నా పర్వాలేదు. చదివితే తప్పేమీ కనబడదు. కాని ‘ఏదైనా ఎంతైనా’ రెండుసార్లు పక్కపక్కనే ఎందుకు? ఉన్న అక్షరాల్లో ఎన్ని మొదటి దానికివ్వాలి, ఎన్ని రెండో దానికివ్వాలి? కంప్యూటరుకు తెలియదు. అందుకని అన్ని రకాలుగానూ పంచి చూస్తుంది.

పెళ్లి విందులో ఇరవై మంది అతిథులున్నారనుకోండి. రెండు బంతులుగా కూర్చోబెట్టాలి, రెండో బంతి పక్కన వియ్యంకుడు ఉండాలి అని ఒక పెద్దమనిషి పట్టుబట్టాడు. ముందు అందరినీ మొదటి బంతిలోనే కూర్చోబెడతాడు. వియ్యంకుడు కనబడడు. చివరి మనిషిని లేపి రెండో బంతికి మారుస్తాడు, మళ్లీ చూస్తాడు. తర్వాత ఇద్దరిని, ముగ్గురిని. ఆ తర్వాత మొదటి అతిథిని పక్కనపెట్టి, మిగిలిన పంతొమ్మిది మందితో ఈ తతంగమంతా మళ్లీ మొదలు. వియ్యంకుడు ఎక్కడో ఉంటే ఎప్పటికో తేలుతుంది. అసలు ఆయన పెళ్లికే రాలేదనుకోండి, ఆ సంగతి ఒప్పుకోవడానికి ఈ పెద్దమనిషి అన్ని రకాల కూర్పులూ పూర్తిచేయాలి. అప్పటికి వంటలు చల్లారిపోతాయి.

అంకెలు చూస్తే విషయం ఇంకా స్పష్టం. సమానం గుర్తుకు ఇటొక అక్షరం, అటొక అక్షరం ఉన్న చిన్న వరుసను సరిపోల్చడానికి ఆ ముక్కకు 23 అడుగులు పట్టాయి. గుర్తు తర్వాత ఇరవై అక్షరాలుంటే 555 అడుగులు. సమానం గుర్తే లేని ఇరవై అక్షరాల వరుస ఇస్తే, ఇది సరిపోలదు అని చెప్పడానికి 4,067 అడుగులు. ఇరవై అక్షరాలకే ఇంత. నిజమైన అభ్యర్థనలో వందలు, వేల అక్షరాలుంటాయి. అలాంటి అభ్యర్థనలు ప్రతి సెకనూ ప్రపంచం నలుమూలల నుంచీ లెక్కలేనన్ని వస్తుంటాయి. సీపీయూలు ఊపిరాడక నిలబడిపోయాయంటే ఆశ్చర్యమేముంది?

వెనక్కి వచ్చి మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఈ జబ్బు కొత్తది కాదు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్, వరుస ఎంత పొడవుంటే అంతే నిష్పత్తిలో పని పెరిగేలా వెతికే పద్ధతిని 1968లోనే ప్రచురించారు. అందులో వెనక్కి తిరిగే పనే లేదు. అయినా చాలా సాఫ్ట్‌వేర్లు పాత దారినే పట్టాయి. 2016 జులై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. ఒకరి పోస్టులో దాదాపు 20,000 ఖాళీలు వరుసగా ఉన్నాయి, వాటిని కత్తిరించబోయిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అక్కడే చిక్కుకుంది. ఆ అనుభవం మూడేళ్ల పాతదై అందరి ముందూ ఉంది.

క్లౌడ్‌ఫ్లేర్‌లో ఇలాంటి రూల్‌ను ఆపే అడ్డుకట్ట కూడా ఒకటుండేది. ఏ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అయినా మితిమీరి సీపీయూ తింటే దాన్ని పట్టుకునే ఏర్పాటు. కొన్ని వారాల ముందు ఫైర్‌వాల్ కోడ్‌ను తిరగరాసినప్పుడు అది పొరపాటున ఎగిరిపోయింది. ఆ తిరగరాయడం ఎందుకంటే, ఫైర్‌వాల్ తక్కువ సీపీయూ వాడేలా చేయడానికి. మంచి ఉద్దేశంతో చేసిన పనిలో, దేన్ని కాపాడాలనుకున్నారో దానికే ఉన్న రక్షణ పోయింది. అది పోయినట్టు ఏ పరీక్షా చెప్పలేదు, ఎందుకంటే పరీక్షల్లో సీపీయూ వాడకాన్ని కొలిచే అంశమే లేదు.

ఇవన్నీ నిజమే. కాని నా దృష్టిలో ఈ కథకు కీలకం వీటిలో ఏదీ కాదు.

క్లౌడ్‌ఫ్లేర్ మామూలు సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారిగా లోకం మీదికి వదలదు. ముందు తన ఉద్యోగులు మాత్రమే వాడే చోట పెడుతుంది. అక్కడ బాగుంటే కొద్దిమంది కస్టమర్ల ట్రాఫిక్ మీద పరీక్షిస్తుంది. తర్వాత ప్రపంచంలో మూడు చోట్ల చూస్తుంది. అదీ సరిపోయాకే అంతటా. ఏ మెట్టు దగ్గర తేడా కనిపించినా ఆపేయొచ్చు. ఈ మెట్ల నుంచి మినహాయింపు ఇచ్చింది ఫైర్‌వాల్ రూళ్లకు. కారణం సబబైనదే. కొత్త దాడి బయటపడినప్పుడు దొంగ ఎదురుచూడడు. రూల్ క్షణాల్లో అంతటికీ చేరాలి. అందుకు క్విక్‌సిల్వర్ అనే వ్యవస్థను కట్టుకున్నారు. అప్పట్లో మార్పు లోకమంతా చేరడానికి 2.29 సెకన్లలోపే పట్టేది, నూటికి తొంభై తొమ్మిది సార్లు.

ఆ మంగళవారం నాటి మార్పు అత్యవసరమైనది కాదు. ఆ మధ్యాహ్నం ఏ కొత్త దాడీ లేదు. రూల్ మెల్లగా ఒక్క ఊళ్లో మొదలుపెట్టి ఉంటే, ఆ ఒక్క ఊళ్లోనే సీపీయూ ఎగబాకేది, అక్కడే ఆగేది. కాని అత్యవసరం కోసం పెట్టుకున్న మినహాయింపు రోజువారీ అలవాటైపోయింది. భద్రత కోసం కదా అనే ఒక్క మాటతో, మిగతా కోడ్ అంతా ఎదుర్కొనే పరీక్షను భద్రతా రూల్ తప్పించుకుంది. తప్పు అక్కడుంది. రాసిన ఇంజినీరులో కాదు.

ఆ సంగతి సంస్థ కూడా గ్రహించింది. తన నివేదికలో 11 కారణాలు వరుసగా రాసింది. రూల్ రాయడం అందులో ఒకటి మాత్రమే. రూల్ రాసినవారి పేరు ఎక్కడా లేదు. వెనక్కి తీసుకునే పద్ధతికి ఫైర్‌వాల్‌ను మొత్తం రెండుసార్లు తయారుచేయాల్సి రావడం, ట్రాఫిక్ పడిపోయిందని చెప్పే అలర్ట్ ఆలస్యంగా మోగడం, కస్టమర్లకు పరిస్థితి చెప్పే పేజీని వెంటనే మార్చలేకపోవడం, ఇవన్నీ తమ లోపాలేనని ఒప్పుకుంది. ఎంత పెద్ద సంస్థలు ఎన్ని ప్రమాదాల తర్వాత ‘సాంకేతిక సమస్య’ అన్న రెండు మాటలతో చేతులు దులుపుకుంటాయో మనకు తెలుసు. అందుకే ఈ నివేదిక అంటే నాకు గౌరవం.

ఆ మంగళవారం ఫైర్‌వాల్‌ను మళ్లీ తెరవడానికి కూడా తొందరపడలేదు. ఒకే నగరాన్ని ఎంచుకున్నారు. అక్కడి నుంచి డబ్బు కట్టే కస్టమర్ల ట్రాఫిక్‌ను పక్కకు మళ్లించి, మిగిలిన దానిలో కొంత మీదే పరీక్షించారు. చేటు చేసిన రూల్ అదేనా, అది తీసేస్తే సరిపోతుందా అని రెండు వైపులా చూసుకున్నాకే 3 గంటల 52 నిమిషాలకు అంతటా తెరిచారు. ఆ తర్వాత పుస్తకంలోని 3,868 రూళ్లనూ మనుషులే కూర్చుని చదివి, ఇలాంటి జబ్బున్నవి ఇంకేమైనా ఉన్నాయా అని వెతికారు. పోయిన అడ్డుకట్టను తిరిగి పెట్టారు. రూళ్లు కూడా ఇక మెట్లెక్కుతూనే వెళ్లాలని, అత్యవసరమైతే తప్ప ఒకేసారి వదలకూడదని తీర్మానించారు.

అంతటితో కథ ముగిసి ఉంటే ఎంత బాగుండేది!

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన కాన్ఫిగరేషన్ ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెరతో నిలబెట్టేసింది. కొత్త దాడులను పసిగట్టడానికి పంపిన ఫైలే అది. పోల్చాల్సిన అంశాలు 21 అని ఒకవైపు లెక్క, చదివే ప్రోగ్రాముకు అందినవి 20. ఆ ఒక్క అంకె తేడాకు విమానాశ్రయాలు ఆగాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. అక్కడా అదే: ఫైలును మెట్ల మీదుగా కాకుండా ఒకేసారి అందరికీ వదిలారు.

2025 డిసెంబరు 5న మళ్లీ క్లౌడ్‌ఫ్లేరే. వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే రియాక్ట్‌లో అప్పుడే బయటపడ్డ ఒక పెద్ద లోపం నుంచి కస్టమర్లను కాపాడాలని ఫైర్‌వాల్‌లో మార్పు మొదలుపెట్టారు. అసలు మార్పును మెల్లగానే వదులుతున్నారు. మధ్యలో, ఆ మార్పుకు సరిపడని ఒక అంతర్గత పరీక్షా పనిముట్టును ఆపాల్సి వచ్చింది. దాన్ని మాత్రం ఒకేసారి అంతటా ఆపేశారు. పాత కోడ్‌లో నిద్రపోతున్న లోపం లేచింది. సుమారు 25 నిమిషాలపాటు, సంస్థ మోసే వెబ్ ట్రాఫిక్‌లో 28 శాతం దెబ్బతింది. మన దేశంలో అది శుక్రవారం మధ్యాహ్నం రెండుంపావు, షేర్ మార్కెట్ నడుస్తున్న సమయం. జెరోధా, గ్రో వంటి యాప్‌లలో కొనుగోళ్లు, అమ్మకాలు నిలిచిపోయాయి. ఆరేళ్ల ముందు రాసుకున్న పాఠంలోని ఒక్క పంక్తి ఒక్క మూలన వర్తించకుండా మిగిలిపోయింది, అంతే.

ఇదంతా పెద్ద సంస్థల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన ఊళ్లలో బట్టల దుకాణానికో, పచ్చళ్ల వ్యాపారానికో, ఇంటి పత్రికకో వర్డ్‌ప్రెస్ మీద సైటు నడిపేవాళ్లు ఎందరో ఉన్నారు. దొంగల భయంతో ఏదో భద్రతా ప్లగిన్ పెట్టుకుంటారు. పెట్టుకోవాలి కూడా. కొన్ని ప్లగిన్ల ఫైర్‌వాల్, వర్డ్‌ప్రెస్ కంటే ముందే లేచి నిలబడేలా సర్వరు సెట్టింగులలో ఒక పంక్తి చేరుస్తుంది: ప్రతి పేజీకీ ముందు ఫలానా ఫైలు నడపాలి అని. ఎవరో ప్లగిన్ ఫోల్డరు తుడిచేస్తారు, లేదా సైటును వేరే సర్వరుకు మారుస్తారు. ఫైలు పోతుంది, పంక్తి ఉండిపోతుంది. ఇక పేజీ తెరుచుకోదు, అడ్మిన్ కూడా తెరుచుకోదు. లోపం వర్డ్‌ప్రెస్ కంటే ముందే జరుగుతుంది కాబట్టి, 5.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఇస్తున్న రికవరీ మోడ్ కూడా అందదు. హోస్టింగ్ సంస్థ ఇచ్చిన ఫైల్ మేనేజర్లోంచో, ఎఫ్‌టీపీ ద్వారానో లోపలికి వెళ్లి ఆ పంక్తిని తీసేయాలి. ఆ పంక్తి పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్లో ఉంటే, తీసేశాక కూడా మామూలుగా ఐదు నిమిషాల దాకా పాతదే గుర్తుంటుంది. ఆ ఐదు నిమిషాలు ఓపిక పట్టలేక, బాగుపడిన సైటును మళ్లీ పాడుచేసుకునే ప్రమాదం ఉంది.

ప్లగిన్ తనే లోపం చేస్తే దారి ఇంకా సులువు. ప్లగిన్ల ఫోల్డర్లో దాని పేరు మార్చితే చాలు, వర్డ్‌ప్రెస్ దాన్ని పక్కనపెట్టి లేస్తుంది. చిన్న సైటుకు అదే గ్లోబల్ కిల్.

కాబట్టి సైటు ఉన్నవాళ్లకు ఒక్క విన్నపం. భద్రతా ప్లగిన్‌కు అప్‌డేట్ వస్తే నేరుగా అసలు సైటు మీద నొక్కవద్దు. సైటు నకలు ఒకటి పెట్టుకుని ముందు అక్కడ నొక్కండి. అడ్మిన్ పేజీ తెరుచుకోని రోజు ఏ దారిన లోపలికి వెళ్లాలో, ఆ దారి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి. సైటు బాగున్నప్పుడే ఒకసారి ఆ దారిన వెళ్లి చూడండి.